మనం, మేము: ఆండీస్ యాత్రా రచనల్లో నడిచేవారు, నడిపించేవారు

యాత్రా సాహిత్యాన్ని చదివేటప్పుడు సాధారణంగా మూడు విషయాలు చూస్తాం. రచయిత ఎక్కడికి వెళ్ళాడు, ఏం చూశాడు, చూసినదాన్ని ఎంత బాగా చెప్పాడు. నాలుగో ప్రశ్న ఒకటుంది. అది తరచు మరుగున పడిపోతుంది. ఆ దారిన అతన్ని ఎవరు తీసుకువెళ్ళారు? దారి చూపినవాడికి, మూట మోసినవాడికి, పొద్దుటే నిప్పు రాజేసి వంట చేసిపెట్టినవాడికి ఆ రచనలో ఎంత చోటు దొరికింది? దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతయాత్రలను గురించిన కొన్ని ప్రసిద్ధ రచనలను ఈ నాలుగో ప్రశ్నతో చదవటమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఇన్ని పర్వతాలుండగా ఆండీస్‌నే ఎంచుకోవటానికి రెండు కారణాలున్నాయి. గైడు వెంట నడిచే యాత్ర అక్కడ ఒక స్థిరమైన రూపం తెచ్చుకుంది. దానితో పాటే ఆ యాత్రను చెప్పే కథనానికీ ఒక మూస ఏర్పడింది. ఇది మొదటి కారణం. ఆ కొండల్లో తరతరాలుగా మాట్లాడుతున్న క్వెచువా భాషలో తెలుగు విద్యార్థికి పుట్టుకతో తెలిసిన ఒక వ్యాకరణ విశేషం ఉండటం రెండో కారణం. ఆ విశేషమే ఈ వ్యాసానికి ఆధారం.

యాత్ర, దాని మూస

పెరూ దేశంలోని కుస్కో నగరం సముద్రమట్టానికి సుమారు 3400 మీటర్ల ఎత్తున ఉంది. ఇన్కా రాజుల రాజధాని అదే. కొండయాత్రకు వచ్చినవారు ముందు ఒకటి రెండు రోజులు అక్కడ ఆగి, పలుచని గాలికి ఊపిరి అలవాటు చేసుకుంటారు, కోకా ఆకుల కషాయం తాగుతారు. తరువాత ఉరుబాంబా నది లోయలోకి దిగి, అక్కడినుంచి ఇన్కాల నాటి రాతిబాట మీద నాలుగు రోజులు నడుస్తారు. దూరం నలభై పైచిలుకు కిలోమీటర్లు. రెండో రోజున సుమారు 4200 మీటర్ల ఎత్తున్న వార్మి వన్యుస్కా కనుమ దాటాలి. ఆ పేరుకు 'చనిపోయిన స్త్రీ' అని అర్థం. నాలుగో రోజు తెల్లవారుజామున ఇంతి పుంకు, అంటే సూర్యద్వారం, దగ్గరికి చేరుకుంటే కింద మాచు పిచ్చు శిథిల నగరం కనిపిస్తుంది.

ఈ యాత్రను గురించి వచ్చే కథనాలు చాలావరకు ఒకే తీరున సాగుతాయి. మొదట ఊపిరి ఆడని అవస్థ. తరువాత కనుమ ఎక్కేటప్పటి శ్రమ, అధైర్యం. ఆ పైన గైడు చెప్పే ఇన్కాల కథలు, భూమాత పచమామకు కోకా ఆకులు సమర్పించే చిన్న క్రతువు. చివరికి సూర్యద్వారం, పొగమంచు విడిపోవటం, ఆత్మపరిశీలన. మోతగాళ్ళు రెండు చోట్ల కనిపిస్తారు. పెద్ద మూటలతో యాత్రికులను దాటి పరుగెత్తుతున్నప్పుడు ఒకసారి, చివరి సాయంత్రం వరసగా నిలబడి బహుమానం అందుకుంటున్నప్పుడు మరొకసారి. రెండు చోట్లా వారికి మాట ఉండదు, చిరునవ్వు ఉంటుంది.

లెక్క చూస్తే ఈ చిత్రం తలకిందులవుతుంది. 2001లో వచ్చిన నిబంధనల తరువాత ఈ బాటమీద గైడు లేకుండా నడవటానికి వీల్లేకుండా పోయింది. రోజుకు అనుమతించే మనుషుల సంఖ్యకు 500 అని హద్దు కట్టారు. ఆ 500లో యాత్రికులు సుమారు 200 మంది. మిగిలినవారు గైడులు, వంటవారు, మోతగాళ్ళు. అంటే ఆ బాటమీద నడిపించేవారే ఎక్కువ, నడిచే అతిథులు తక్కువ. అదే సంవత్సరం పెరూ ప్రభుత్వం మోతగాళ్ళ కోసం ఒక చట్టం చేసి, మనిషి మోసే బరువు 20 కిలోలు మించరాదని నిర్ణయించింది. బరువుకు చట్టం హద్దు కట్టవలసి వచ్చిందంటేనే అంతకు ముందు సంగతి ఊహించుకోవచ్చు. ఇంత జనం కథనంలో ఎలా మాయమయ్యారన్నది సాహిత్య విమర్శకు సంబంధించిన ప్రశ్న. దాన్ని సర్వనామం దగ్గరినుంచి మొదలుపెడదాం.

రెండు 'మన'లు

తెలుగులో 'మనం' వేరు, 'మేము' వేరు. వింటున్నవారిని కలుపుకొంటే 'మనం', విడిచిపెడితే 'మేము'. ఈ తేడా బడిలో నేర్చుకున్నది కాదు, ఇంట్లో వచ్చినది. తమిళనాడులో చదివేవారికి 'నామ్', 'నాంగళ్' మాటల్లో ఇదే భేదం కనిపిస్తుంది. మహారాష్ట్రలోని వారికి మరాఠీ 'ఆపణ్', 'ఆమ్హీ' తెలుసు. కర్ణాటకలోని వారు మాత్రం నేటి కన్నడంలో 'నావు' అన్న ఒక్క మాటతోనే రెండింటినీ నెట్టుకు రావాలి. యానాంలో ఫ్రెంచి చదువుకున్నవారికి 'నూ' అన్న మాటతో ఇదే ఇబ్బంది. ఇంగ్లీషులో 'వి', స్పానిష్‌లో 'నొసోత్రోస్' కూడా అంతే. రెండు భాషల మధ్య బతికేవాడికి ఈ లోటు ఎక్కడ గుచ్చుకుంటుందో మీకు వేరే చెప్పనక్కరలేదు.

క్వెచువాలో ఈ భేదం స్పష్టంగా ఉంది. కుస్కో ప్రాంతపు మాటలో 'న్యొఖంచిస్' అంటే మనం, 'న్యొఖయ్కు' అంటే మేము. నామవాచకాల చివర కూడా ఇదే తేడా. '-ంచిస్' చేరితే 'మన', '-య్కు' చేరితే 'మా'. స్పెయిన్ నుంచి వచ్చిన దొమింగో దె సాంతో తోమాస్ అనే క్రైస్తవ సన్యాసి 1560లో వయ్యదోలిద్ నగరంలో అచ్చువేసిన క్వెచువా వ్యాకరణంలో ఈ సంగతి నమోదు చేశాడు. యూరపు పండితులు ఇటువంటి భేదాన్ని గ్రంథస్థం చేయటం అదే మొదటిసారి అని భాషాశాస్త్రజ్ఞులు చెబుతారు.

వ్యాకరణం వెంటనే మతంలోకి వచ్చింది. 1584లో లీమాలో అచ్చయిన క్రైస్తవ బోధన పుస్తకంలో పరలోక ప్రార్థనను క్వెచువాలోకి తెచ్చినవారు దేవుణ్ణి 'యాయయ్కు' అని పిలిచారు. 'మా తండ్రి' అని అర్థం. అక్కడ వింటున్నవాడు దేవుడు. ఆయన తనకు తానే తండ్రి కాడు కనుక 'మన తండ్రి' అనటానికి వీలులేదు. తెలుగు క్రైస్తవుల ప్రార్థనలోనూ 'మా తండ్రి' అనే ఉంది. సంబంధం లేని రెండు ఖండాల్లో అనువాదకులు ఒకే చిక్కుకు ఒకే పరిష్కారం కనుక్కున్నారు. మూలభాషల్లో ఆ చిక్కే లేదు.

దీనికి ఎదురుగా మరో పేరు పెట్టి చూడండి. పెరూ రచయిత హోసే మరియా అర్గేదాస్ 1962లో క్వెచువాలో ఒక దీర్ఘగీతం ప్రచురించాడు. స్పెయిన్ పాలనమీద 1780లో తిరుగుబాటు చేసి, 1781లో కుస్కో నడిబొడ్డున చంపబడిన తుపాక్ అమారును స్తుతించే గీతమది. దాని శీర్షికలో 'తాయ్తంచిస్మన్' అనే మాట ఉంది. 'మన తండ్రికి' అని అర్థం. పక్కనే రచయిత స్వయంగా చేసిన స్పానిష్ అనువాదంలో అది 'నుయెస్త్రో పాద్రె'గా మారింది. ప్రార్థనలోని 'మా తండ్రి'కీ స్పానిష్‌లో మాట అదే. క్వెచువా శీర్షిక చదివేవాణ్ణి లోపలికి పిలుస్తుంది, ఆయన నీకూ తండ్రే అంటుంది. స్పానిష్ శీర్షికలో ఆ పిలుపు వినపడదు. అర్గేదాస్‌కు రెండు భాషలూ బాగా వచ్చు. లోటు ఆయన పనితనంలో లేదు, భాషలో ఉంది. అదే గీతాన్ని తెలుగు చేసేవాడికి 'మన తండ్రికి' అనటంలో ఏ కష్టమూ లేదు.

ఇక గైడు మాటకు వద్దాం. కుస్కో పరిసరాల గైడులలో క్వెచువా మాతృభాషగా ఉన్నవారున్నారు. యాత్రికులతో వారు స్పానిష్‌లోనో ఇంగ్లీషులోనో మాట్లాడాలి. గైడు ఒక గోడ చూపించి 'నిర్మించినది అవర్ ఆన్సెస్టర్స్' అన్నాడనుకోండి. అది 'మా పూర్వీకులు' కావాలి. వింటున్న విదేశీయుడు ఆ వంశంలోనివాడు కాడు. 'నేడు వి ఆర్ క్రాసింగ్ ది పాస్' అంటే అది 'మనం'. ఒకే రోజు, ఒకే నోట ఈ రెండూ వస్తాయి. ఇంగ్లీషులో రాసే యాత్రికుడి చెవికి తేడా వినపడదు. అందుకే అతని కథనంలో గైడు పూర్వీకులు క్రమంగా మానవజాతి అందరి ఉమ్మడి పూర్వీకులైపోతారు. ఆ తాతల మనుమలు మాత్రం మూటల కిందే ఉండిపోతారు.

బింగమ్: తన పుస్తకమే తనకు ఎదురుసాక్షి

ఈ కథనాల మూసకు మూలపురుషుడు అమెరికా పరిశోధకుడు హైరం బింగమ్. 1911 జూలై 24న మాచు పిచ్చు చేరిన ఆయన, ఆ ప్రయాణాన్ని తరువాత పుస్తకాలుగా రాశాడు. వాటిలో 1948లో వచ్చిన 'లాస్ట్ సిటీ ఆఫ్ ది ఇన్కాస్' బాగా ప్రచారం పొందింది. 1913 ఏప్రిల్‌లో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక తన సంచికను పూర్తిగా ఆయన యాత్రకే కేటాయించింది. 'కనుగొన్నాడు' అన్న మాట ఆ తరువాత ప్రపంచమంతటా పాకింది.

బింగమ్‌ను నిందించటం నేడు తేలిక. ఆయనను శ్రద్ధగా చదివితే అంతకన్నా ప్రయోజనం. తనకు దారి చూపినవాడు మెల్చోర్ ఆర్తెయాగా అనే స్థానిక రైతు అని ఆయనే రాశాడు. వానలో కొండెక్కటానికి ఆర్తెయాగా ఇష్టపడలేదనీ, ఒక సోల్ ఇస్తామంటే ఒప్పుకున్నాడనీ, అది అక్కడి రోజుకూలికి మూడు నాలుగు రెట్లనీ చెప్పాడు. తన బృందంలోని ప్రకృతి శాస్త్రజ్ఞుడు నది ఒడ్డునే సీతాకోకచిలుకలు ఎక్కువని చెప్పి, వైద్యుడు బట్టలు ఉతుక్కోవాలని చెప్పి వెనకబడిపోయారన్న సంగతీ దాచలేదు. కొండమీద రిచార్తె, అల్వారెస్ అనే రైతుల కుటుంబాలు ఇన్కాల నాటి మెట్టచేలల్లో పంట పండించుకుంటున్నాయి. వారు చల్లని నీళ్ళూ ఉడికించిన చిలగడదుంపలూ ఇచ్చారు. అక్కడినుంచి శిథిలాల దగ్గరికి ఆయనను తీసుకువెళ్ళింది ఒక చిన్నపిల్లవాడు.

అక్కడ గోడమీద బొగ్గుతో 'లిసార్రగా, 1902' అని రాసి ఉంది. అగుస్తీన్ లిసార్రగా ఆ లోయవాడే. మాచు పిచ్చును కనుగొన్నది అతడేనని బింగమ్ ఆనాటి తన నోటు పుస్తకంలో రాసుకున్నాడు కూడా. కథ మళ్ళీ మళ్ళీ చెప్పినకొద్దీ ఆ పేరుకు చోటు తగ్గుతూ, 'నేను' పెరుగుతూ వచ్చింది. నోటు పుస్తకానికీ అచ్చుపుస్తకానికీ మధ్య జరిగిన ఈ మార్పే విమర్శకుడు పట్టుకోవలసిన చోటు. రైతులు కాపురముంటున్న చోటు, వ్యవసాయం సాగుతున్న చోటు, పిల్లవాడు ఆడుకుంటున్న చోటు 'పోయిన నగరం' ఎలా అవుతుంది? ఎవరికి పోయింది? శీర్షిక చెబుతున్నదాన్ని లోపలి పుటలే ఒప్పుకోవు. చిలగడదుంపలు వడ్డించినవారి వైపునుంచి చూస్తే ఆ రోజు జరిగినది ఒక అతిథి రాక.

పేర్ల సంగతి కూడా ఇలాగే ఉంటుంది. బాటమీద వచ్చే విన్యాయ్ వైనా శిథిలాల పేరు వినగానే అది ఇన్కాల నాటిదనుకుంటాం. 'నిత్యయౌవనం' అని అర్థమున్న ఆ క్వెచువా పేరు ఒక ఆర్కిడ్ పువ్వుది. శిథిలాలకు దాన్ని 1940లలో పరిశోధకులు పెట్టారు. అసలు మాచు పిచ్చు అన్న పేరు కూడా ఆ నగరానిది కాకపోవచ్చుననీ, దాని పాతపేరు వైనా పిచ్చు కావచ్చుననీ దొనాతో అమాదో గొన్సాలెస్, బ్రయన్ బవర్ అనే పండితులు 2021లో పాత పత్రాల ఆధారంగా ప్రతిపాదించారు. గైడు పుస్తకంలోని 'ప్రాచీన నామం' అన్న మాటను ఎంత జాగ్రత్తగా చదవాలో దీన్నిబట్టి తెలుస్తుంది.

నెరూడా: చనిపోయినవారికి నోరు, బతికున్నవారికి?

చిలీ కవి పాబ్లో నెరూడా 1943లో మాచు పిచ్చు చూశాడు. 1945లో పన్నెండు భాగాల దీర్ఘకావ్యం రాశాడు. అది 1950లో ఆయన 'కాంతో హెనెరాల్' కావ్యంలో రెండో ఖండంగా చేరింది. రాతి వైభవం చూసి మురిసిపోవటంతో ఆయన ఆగలేదు. ఈ రాళ్ళు మోసినవాడు, ఆకలితో కూలినవాడు ఏడని అడిగాడు. రాజుల పేర్లు వదిలి కూలివాడి పేరు పిలిచాడు. మన నాలుగో ప్రశ్నను కవిత్వంలో ఇంత బలంగా అడిగినవారు అరుదు. ఆ కావ్యం గొప్పదనాన్ని శంకించనక్కరలేదు.

అయినా చివరి భాగంలో ఒక చిక్కు ఉంది. కవి చనిపోయినవారిని లేచి రమ్మని పిలుస్తాడు, తన నోటిద్వారా మాట్లాడమంటాడు. అంటే వారికి మాట లేదనీ, ఆ మాట తాను ఇస్తాననీ ఆయన భావన. ఆయన ఆ కొండమీద నిలబడ్డ 1943లో కింది లోయలో వారి సంతతి ఉంది, వారి భాష మాట్లాడుతూనే ఉంది. నోరు అరువివ్వవలసిన అవసరం వారికి లేదు. వినే చెవి కావాలి, ఆ చెవికి క్వెచువా రావాలి. కావ్యంలో చనిపోయిన శ్రామికుడు సోదరుడయ్యాడు గాని, బతికున్న మోతగాడు ఎదురుపడలేదు. నెరూడా కరుణ నిజమైనది. అయితే అది గతం వైపు తిరిగిన కరుణ. అందుకే దాన్ని యాత్రా కరపత్రాలవారు సులువుగా వాడుకోగలుగుతున్నారు. చనిపోయినవారు కూలి పెంచమని అడగరు కదా.

అర్గేదాస్: పొట్ట చేతబట్టుకున్న నడక

బింగమ్ మాచు పిచ్చు ఎక్కిన 1911లోనే, జనవరిలో, ఆండవైలాస్ పట్నంలో అర్గేదాస్ పుట్టాడు. పసితనంలోనే తల్లి పోయింది. సవతితల్లి ఇంట్లో క్వెచువా మాట్లాడే పనివారి మధ్య పెరిగాడు. 1958లో వచ్చిన ఆయన నవల 'లోస్ రియోస్ ప్రొఫుందోస్', అంటే 'లోతైన నదులు', తండ్రీకొడుకులు కుస్కో చేరటంతో మొదలవుతుంది. ధనవంతుడైన ఒక ముసలి బంధువు వారిని ఇంటి వెనక పనివాళ్ళకు తగిన చోట దింపుతాడు. ఆ ఇంట్లో ఒక 'పొంగో' ఉంటాడు. జీతం లేని వెట్టిపనివాడు. బాలుడైన ఎర్నెస్తో కుస్కో వీధిలో ఇన్కాల గోడను తాకి, ఆ రాళ్ళు కదులుతున్నాయనీ, వరదనీటిలా పొంగుతున్నాయనీ అనుకుంటాడు. ఆ రాళ్ళకు పేరు పెట్టటానికి అతనికి క్వెచువా మాటలు తడతాయి.

యాత్రికుల రచనల్లోనూ ఇన్కాల గోడ తప్పనిసరిగా వస్తుంది. బ్లేడు కూడా దూరనంత నేర్పుగా రాళ్ళు కూర్చారన్న వాక్యం ఆ వర్ణనల్లో దాదాపు పాదపూరణం లాంటిది. అర్గేదాస్ గోడలో అతుకుల నేర్పు కాదు, ప్రాణం ప్రధానం. ఆ గోడను చూసిన కళ్ళే పక్కింటి పొంగో వంగిన నడుమునూ చూస్తాయి. రాయిని మెచ్చుకోవటం, మనిషిని గమనించటం అనే రెండు పనులు ఒక్క అధ్యాయంలో జరుగుతాయి. నెరూడాలో లేనిది ఇదే.

ఆ నవల రెండో అధ్యాయం ప్రయాణాల గురించి. ఎర్నెస్తో తండ్రి ఊరూరా తిరిగే న్యాయవాది. ఒకచోట నిలవలేక, పని వెతుక్కుంటూ కొడుకుతో కొండలు దాటుతూ ఉంటాడు. ఒక్కో ఊరికి ఒక్కో నది, ఒక్కో పిట్ట, ఒక్కో పాట గుర్తుగా మిగులుతాయి. కనుమలు ఇక్కడా ఉన్నాయి, చలి ఉంది, ఊపిరాడని ఎత్తులున్నాయి. అయినా వాటిని జయించిన గర్వం మాత్రం కనిపించదు. వెళ్ళక తప్పదు గనుక వెళ్ళినవాడు శిఖరాన్ని జయించానని చెప్పుకోడు. ఆండీస్ దారుల్లో నడిచినవారిలో అత్యధికులు ఇలా నడిచినవారే. ఉల్లాసయాత్ర అక్కడ నిన్నటిది, బతుకుదెరువు నడక వేల ఏళ్ళది.

అర్గేదాస్ స్పానిష్‌లో రాసినా వాక్యాల వెనక క్వెచువా నడక వినిపిస్తుంది. ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాషగా పెరిగిన మన విద్యార్థులు ఈ నవలను అందరికన్నా దగ్గరగా చదవగలరు. ఫ్రాన్సెస్ బారాక్లో చేసిన ఇంగ్లీషు అనువాదం 1978లో వచ్చింది.

మోతగాడే చెప్పిన కథ

ఇంతవరకూ చెప్పినవన్నీ మోతగాడి పక్కన నిలబడి రాసినవి. మోతగాడే చెప్పిన పుస్తకం కూడా ఒకటుంది. గ్రెగోరియో కొండోరి మమాని కుస్కో వీధుల్లో తాడుకట్టి వీపుమీద బరువులు మోసి బతికినవాడు. ఆయన క్వెచువాలో చెప్పుకొన్న జీవితకథను రికార్డో వాల్దెర్రామా, కార్మెన్ ఎస్కలాంతె అనే మానవశాస్త్రజ్ఞులు రికార్డు చేసి, 1977లో కుస్కోలో క్వెచువా మూలం, స్పానిష్ అనువాదం కలిపి ప్రచురించారు. అనాథ బాల్యం, ఊరు విడిచి తిరగటం, సైనిక శిక్షణ, అక్కడ నేర్పీ నేర్పని అక్షరాలు, చివరికి మోతపని. ఇదీ ఒక ఆండీస్ యాత్రే. కొండలు ఇక్కడ దృశ్యాలు కావు, మనిషి మంచిచెడ్డలు పట్టించుకునే 'అపు'లు, అంటే కొండదేవరలు.

ఈ పుస్తకం విలువ దాని ద్విభాషా రూపంలో ఉంది. స్పానిష్ భాగంలో ఒకటైపోయే 'మనం', 'మేము' క్వెచువా భాగంలో వేరువేరుగా నిలుస్తాయి. చెప్పేవాడు వింటున్నవారిని ఎప్పుడు కలుపుకొన్నాడో, ఎప్పుడు బయట ఉంచాడో మూలంలో వెతికి చూడవచ్చు. యాత్రికుడి పుస్తకంలో ఈ అవకాశం లేదు.

ఇంత మంచి పుస్తకానికీ ఒక లోపం ఉంది. చివరి భాగం గ్రెగోరియో భార్య అసుంతా కిస్పె ఉవామన్ చెప్పిన కథ. ఇళ్ళలో పనిమనిషిగా, తిండి వండి అమ్ముకునే మనిషిగా ఆమె పడిన పాట్లు అందులో ఉన్నాయి. 1977 నాటి పుస్తకం పేరులో మాత్రం గ్రెగోరియో ఒక్కడే ఉన్నాడు. 1996లో వచ్చిన ఇంగ్లీషు అనువాదం 'ఆండియన్ లైవ్స్' ఇద్దరి పేర్లనూ శీర్షికకు చేర్చి ఆ లోటు తీర్చింది. మోతగాడికి మాట దొరికిన చోట కూడా వండిపెట్టినవారి పేరు అట్టమీదికి రావటానికి దాదాపు ఇరవై ఏళ్ళు పట్టిందన్నమాట.

ఇద్దరు దుబాసీలు

ఆండీస్‌లో నడిచి రాసినవారిలో ఆద్యులుగా చెప్పదగిన గువామన్ పోమా పేరు కూడా తలచుకోవాలి. ఆయన స్థానికుడు. స్పానిష్ మతాధికారుల దగ్గర దుబాసీగా పనిచేశాడు. సుమారు 1615లో ముగించిన ఆయన గ్రంథంలో దాదాపు 1200 పుటలు, 398 బొమ్మలు ఉన్నాయి. స్పెయిన్ రాజుకు విన్నపంగా రాసిన ఆ పుస్తకం 1908లో కోపెన్‌హాగెన్ రాజగ్రంథాలయంలో బయటపడింది. అందులో ఒక బొమ్మలో ఆయన కొడుకుతో, ఒక గుర్రంతో, రెండు కుక్కలతో నడిచి వెళ్తుంటాడు. దారిలో తన జనం పడుతున్న బాధలు చూసి రాజుకు చెప్పుకోవటానికి ఆ నడక. ఆయన చూడటానికి వెళ్ళలేదు, సాక్ష్యం చెప్పటానికి వెళ్ళాడు.

తెలుగులో యాత్రాచరిత్రకు దారి వేసిన ఏనుగుల వీరాస్వామయ్య కూడా దుబాసీయే. మద్రాసు సుప్రీంకోర్టులో పనిచేసిన ఆయన 1830లో బయలుదేరి 1831లో తిరిగివచ్చారు. 'కాశీయాత్ర చరిత్ర' 1838లో అచ్చయింది. మద్రాసు తెలుగువారి పుస్తకమది, ఆంధ్రదేశానికి బయట ఉన్న మనకు మరీ సొంతం. ఆయన వెంట దాదాపు వందమంది పరివారం, పల్లకీ మోసే బోయీలు ఉన్నారు. ఆండీస్ పుస్తకాలను అడిగిన నాలుగో ప్రశ్నే ఈ పుస్తకాన్నీ అడగాలి. పరాయిదేశపు రచనలకు వాడిన తూకంరాయి మన ఇంటి గ్రంథాలకు పనికిరాదంటే ఆ తూకంలోనే తేడా ఉన్నట్టు.

అనువాదకుడి పని

2017 జనాభా లెక్కల్లో పెరూలో 37 లక్షలకు పైచిలుకు మంది క్వెచువా తమ చిన్ననాటి భాష అని చెప్పారు. 1975లోనే దానికి అధికారభాష హోదా ఇచ్చారు. అయినా ఆ కొండల గురించి ప్రపంచం చదివేది స్పానిష్‌లోనూ ఇంగ్లీషులోనూ. ఆ ఇంగ్లీషునుంచే యాత్రావ్యాసాలు పత్రికలకోసం మన భాషలోకి వస్తాయి. వాటిని తెలుగు చేసే పని మీలో కొందరికి తప్పకుండా పడుతుంది.

అప్పుడు ప్రతి 'వి' దగ్గరా ఆగవలసి వస్తుంది. 'మనం' రాయాలా, 'మేము' రాయాలా? మూలరచయితకు ఈ ప్రశ్నే రాలేదు కనుక జవాబు అక్కడ దొరకదు. ఎవరు ఎవరితో అన్నారో చూసి మీరే నిర్ణయించాలి. గైడు తన పూర్వీకులను గురించి చెబితే 'మా'. తోటివారిని నడవమంటే 'మనం'. యాత్రికుడు పాఠకుడికి చెబితే 'మేము'. చేతికి అలవాటైందని అన్నిచోట్లా 'మన పూర్వీకులు' అని రాసేస్తే వినటానికి సొంపుగానే ఉంటుంది. ఆ సొంపు వెనక ఒక జాతి సొత్తు మాత్రం చేతులు మారుతుంది.

వ్యాకరణం అన్నీ తీర్చదు. 'మేము గుడారాలు మోసుకుని కనుమ దాటాం' అన్న వాక్యంలో సర్వనామం సరిగ్గానే ఉంది. గుడారాలు మోసినవారు ఆ 'మేము'లో ఉన్నారా లేరా అన్నది తెలుగు కూడా చెప్పదు. అది చెప్పవలసింది రచయిత, అడగవలసింది విమర్శకుడు. మోసినది మోతగాళ్ళయితే 'మోతగాళ్ళు గుడారాలు మోశారు, మేము కనుమ దాటాం' అని రాయటానికి నాలుగు మాటలు ఎక్కువవుతాయి, అంతే. యాత్రా రచన నిజాయితీ ఆ నాలుగు మాటల్లోనే తెలుస్తుంది.

మన విభాగాల్లో యాత్రా సాహిత్యం పాఠ్యాంశంగా ఉన్నచోట ఒక అభ్యాసం సూచించవచ్చు. ఏదైనా ఒక యాత్రావ్యాసం తీసుకుని, అందులోని 'మనం', 'మేము' మాటలన్నింటి కిందా గీత గీయండి. ప్రతిదాని పక్కనా అందులో ఎవరున్నారో, ఎవరు లేరో రాయండి. లేనివారి పట్టిక ఉన్నవారి పట్టికకన్నా పొడుగైతే, మీరు రాయవలసిన విమర్శకు తొలి పుట అదే.